సరుకుల లెక్కను వంటింటి పరికరాలకు అప్పగించవచ్చా?

ఇంటికి సరుకులు తెచ్చుకోవడంలో పదేపదే జరిగే పొరపాట్లు రెండు. ఇంట్లో ఉన్నదాన్నే మళ్లీ కొనడం ఒకటి, నిండుకున్నదాన్ని మరిచిపోయి తిరిగి రావడం రెండోది. మొదటి పొరపాటు వల్ల పాత ప్యాకెట్ అల్మరాలో వెనక్కి జరిగిపోయి, గడువు దాటాక గానీ కంటపడదు. రెండో పొరపాటు వల్ల మరోసారి దుకాణానికి వెళ్లవలసి వస్తుంది. అలా ఒక్క వస్తువు కోసం వెళ్లినవారు ఆ ఒక్కటితోనే తిరిగి రావడం అరుదు. ఈ రెండింటినీ తప్పిస్తామన్న హామీతో కొన్నేళ్లుగా వంటింటికి రకరకాల స్మార్ట్ పరికరాలు వస్తున్నాయి. తలుపు మూసిన ప్రతిసారీ లోపలి ఫొటో తీసి ఫోన్‌కు పంపే ఫ్రిజ్‌లు, ఖాళీ ప్యాకెట్ బార్‌కోడ్ చూపిస్తే ఆ వస్తువును జాబితాలో చేర్చే స్కానర్లు, డబ్బా కింద అమర్చుకునే తూకం పలకలు, పిలిస్తే పలికే స్పీకర్లు, సరుకు తగ్గగానే తామే ఆర్డర్ పెట్టే యంత్రాలు ఈ కోవలోకి వస్తాయి.

వీటికి పెట్టే డబ్బు గిట్టుబాటు అవుతుందా అని తేల్చుకోవడానికి, పరికరంలో ఎన్ని సదుపాయాలున్నాయో లెక్కపెట్టడం కంటే ఒక్క విషయం గమనించడం మేలు. వస్తువు ఇంట్లోకి వచ్చిన సంగతి, అందులో కొంత ఖర్చయిన సంగతి ఆ పరికరానికి ఎవరు చెబుతున్నారు? అది తనంతట తాను తెలుసుకోగలిగితే మనిషికి పని తగ్గినట్టే. మనిషే చెప్పవలసి వస్తే మాత్రం, మునుపు దుకాణానికి బయల్దేరే ముందు ఒక్కసారి చేసుకునే పనిని ఇప్పుడు రోజంతా చిన్న చిన్న ముక్కలుగా చేయవలసి వస్తుంది. అమ్మకానికి వస్తున్న పరికరాల్లో చాలావాటి జాతకం ఇక్కడే తేలిపోతుంది.

బార్‌కోడ్ చెప్పేది, చెప్పనిది

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. ఎల్‌జీ సంస్థ ఇంటర్నెట్‌కు అనుసంధానమయ్యే ఫ్రిజ్‌ను 2000లోనే విడుదల చేసింది. అప్పట్లో దాని ధర 20,000 డాలర్లకు పైమాటే. ధర సంగతి అలా ఉంచితే, లోపల ఏముందో ఫ్రిజ్‌కు తెలియజేయడం ఎలా అన్న చిక్కు అప్పుడూ తీరలేదు, పాతికేళ్లు గడిచాక ఇప్పుడూ పూర్తిగా తీరలేదు. ఆ చిక్కుకు అందరికీ ముందుగా తోచే పరిష్కారం బార్‌కోడ్.

బార్‌కోడ్ పుట్టింది ఇంటి అవసరం కోసం కాదు. 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ట్రాయ్ పట్టణంలో, ఒక సూపర్‌మార్కెట్ బిల్లింగ్ కౌంటర్ దగ్గర చూయింగ్ గమ్ ప్యాకెట్‌ను స్కాన్ చేయడంతో దుకాణాల్లో దాని వాడకం మొదలైంది. కౌంటర్ దగ్గర తెలియవలసింది ఒక్కటే: ఇది ఏ వస్తువు, దాని ధర ఎంత. అందుకే ఇప్పటికీ ప్యాకెట్ల మీద కనిపించే 12 లేదా 13 అంకెల గీతల కోడ్‌లో వస్తువు గుర్తింపు తప్ప మరేమీ ఉండదు. ఒకే రకం బిస్కెట్ ప్యాకెట్లు రెండు తీసుకుంటే, ఒకటి నిన్న తయారైంది, మరొకటి ఆరు నెలల క్రితం తయారైంది అనుకున్నా, రెండింటి మీదా ఉండేది ఒకే కోడ్. గడువు తేదీని కోడ్‌కు దూరంగా, మూత అంచునో ప్యాకెట్ మడత మీదో, మసకబారిన అక్షరాల్లో విడిగా ముద్రిస్తారు.

దుకాణానికి అక్కరలేని ఆ తేదీయే ఇంటికి అన్నిటికంటే ముఖ్యం. స్కానర్ కొన్నవారు ఈ సంగతిని మొదటి వారంలోనే గ్రహిస్తారు. వస్తువు పేరు దానంతట అదే జాబితాలోకి వస్తుంది గానీ, తేదీని చేత్తో కొట్టాలి. లేదా ఆ రకం వస్తువు సగటున ఎన్నాళ్లు నిలుస్తుందో యాప్ వేసే అంచనాను నమ్ముకోవాలి. విడిగా తూచి కొన్న కూరగాయలకు, పండ్లకు కోడే ఉండదు. నిజానికి ఇంట్లో త్వరగా పాడయ్యేవి అవే. డబ్బాల్లో, సీసాల్లో వచ్చి నెలల తరబడి చెక్కుచెదరకుండా ఉండేవాటిని స్కానర్ చక్కగా గుర్తిస్తుంది. రెండు రోజుల్లో వాడిపోయే ఆకుకూర దాని కంటికి కనబడదు.

ఈ లోపం తీరే దారి లేకపోలేదు. బార్‌కోడ్ ప్రమాణాలను నిర్వహించే అంతర్జాతీయ సంస్థ జీఎస్1, క్యూఆర్ కోడ్ లాంటి చదరపు కోడ్‌లను దుకాణాల కౌంటర్లన్నీ చదవగలిగేలా చేయాలని 2027 చివరిని లక్ష్యంగా పెట్టుకుంది. ఆ కోడ్‌లలో వస్తువు గుర్తింపుతోపాటు బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ కూడా ఇమడ్చవచ్చు. అప్పుడు సరుకు వచ్చిన సంగతి, అది ఎప్పటిదాకా నిలుస్తుందన్న సంగతి ఒక్క స్కాన్‌తో తెలుస్తాయి. కోడ్‌లో తేదీ ఉంటే యంత్రం ఏం చేయగలదో చూపిన ఉదాహరణ ఇప్పటికే ఒకటి ఉంది. 2016లో 699 డాలర్ల ధరతో మార్కెట్‌లోకి వచ్చిన జ్యూసెరో అనే పండ్లరసం యంత్రం, తన సంస్థే అమ్మే సంచుల మీది క్యూఆర్ కోడ్ చదివి, గడువు దాటిన సంచిని పిండడానికి నిరాకరించేది. అక్కడ అది సాధ్యమైనది సంచీ, యంత్రం, కోడ్ మూడూ ఒకే సంస్థ చేతిలో ఉండటం వల్ల. 2017లో ఆ సంస్థ మూతపడింది. సంచుల సరఫరా ఆగిపోయాక, అంత ఖరీదైన యంత్రానికి చేయడానికి పనే లేకుండా పోయింది.

ఫొటోలో కనిపించేదెంత

చేత్తో నమోదు చేసే బాధ లేకుండా చేయడానికే ఫ్రిజ్‌లోకి కెమెరాలు వచ్చాయి. శాంసంగ్ 2016లో తెచ్చిన ఫ్యామిలీ హబ్ ఫ్రిజ్‌లో మూడు కెమెరాలు ఉండేవి. తలుపు మూయగానే అవి లోపలి ఫొటో తీస్తాయి, దుకాణంలో ఉన్నవారు దాన్ని ఫోన్‌లో చూసుకోవచ్చు. 2024 మోడళ్లలో ఫొటోను చూసి వస్తువును గుర్తుపట్టే కృత్రిమ మేధను కూడా ఆ సంస్థ చేర్చింది. అప్పటికి అది గుర్తించగలిగినవి 33 రకాల తాజా ఆహార పదార్థాలు. తలుపు అరల్లో పెట్టినవాటిని, ఫ్రీజర్‌లో ఉన్నవాటిని అది గుర్తించదని సంస్థే తెలిపింది. తర్వాతి మోడళ్లలో ఆ జాబితా పెరిగింది, ఇంకా పెరుగుతుంది కూడా. అయితే ఇక్కడ అడ్డంకి జాబితా పొడవు కాదు.

ఎవరి ఫ్రిజ్ అయినా ఒకసారి తెరిచి, కెమెరా ఉండే చోటు నుంచి చూస్తున్నట్టు ఊహించుకుంటే సంగతి అర్థమవుతుంది. ముందు వరసలో పాల డబ్బా నిలువుగా ఉంది. అందులో పాలు అంచుదాకా ఉన్నాయా, అడుగున గుక్కెడే మిగిలాయా అన్నది డబ్బా బయటి నుంచి తెలియదు. దాని వెనక మూత పెట్టిన గిన్నె ఒకటి ఉంది. అందులో ఉన్నది నిన్నటిదో, నాలుగు రోజుల క్రితందో వండినవారికే తెలుసు. కింది సొరుగులో సంచిలో చుట్టి పెట్టిన కూరగాయల్లో పైవి పచ్చగా కనిపిస్తాయి, అడుగున మెత్తబడ్డవి సంచి విప్పితే గానీ బయటపడవు. తలుపు అరలో గుడ్లు, సీసాలు ఉన్నాయి. మనిషి ఈ సందేహాలన్నిటినీ డబ్బాను ఎత్తి చూసి, మూత తీసి వాసన చూసి, సంచిని చేత్తో తడిమి క్షణాల్లో తీర్చుకుంటాడు. కెమెరాకు ఉన్నది చూపు మాత్రమే, అదీ ఒక్క వైపు నుంచే.

ఫొటోకు విలువే లేదని దీని అర్థం కాదు. దుకాణంలో నిలబడి ఇంట్లో ఉందా లేదా అని తటపటాయించేటప్పుడు మసక ఫొటో అయినా అక్కరకొస్తుంది. అయితే బయల్దేరే ముందు ఫ్రిజ్ తలుపు తెరిచి ఫోన్‌తో ఒక ఫొటో, అల్మరా ముందు మరో ఫొటో తీసుకుంటే అదే పని జరుగుతుంది. ఆ ఫొటోలో తలుపు అరలు కూడా పడతాయి. ఫ్రిజ్ కెమెరాకు ఉన్న అసలు ఆధిక్యం ఒక్క సందర్భంలోనే: దుకాణానికి వెళ్లాలన్న ఆలోచన దారి మధ్యలో, ఇంటికి దూరంగా ఉన్నప్పుడు పుట్టినప్పుడు. ఆఫీసు నుంచి తిరిగి వస్తూ రోజూ సరుకులు కొనే అలవాటున్న ఇంటికి అది లెక్కలోకి వచ్చే సౌకర్యమే. వారానికోసారి ఇంటి నుంచి బయల్దేరి కొనుక్కునేవారికి అది దాదాపు శూన్యం.

చిన్న తప్పులు పేరుకుపోయే తీరు

పరికరం దగ్గర ఉండే జాబితా ఎంత త్వరగా వాస్తవానికి దూరమవుతుందో చాలామంది అంచనా వేయరు. ఒక ఇంట్లో సరుకు తీసిన ప్రతిసారీ నూటికి 95 సార్లు తప్పకుండా నమోదు చేస్తున్నారని అనుకుందాం. అది చాలా మంచి క్రమశిక్షణ. అయినా 20 సార్లు సరుకు తీసేసరికి, అన్నీ సరిగ్గా నమోదై ఉండే అవకాశం దాదాపు 36 శాతానికి పడిపోతుంది. నలుగురున్న ఇంట్లో 20 సార్లు తీయడం అంటే ఒకటి రెండు రోజుల మాట. నలుగురిలో ఒకరు పట్టించుకోకపోతే లెక్క ఇంకా ముందే తప్పుతుంది. అర్ధరాత్రి ఆకలేసి ఫ్రిజ్ తెరిచిన పిల్లవాడు ఫోన్ తీసి నమోదు చేస్తాడని ఎవరూ ఆశించలేరు, ఆశించకూడదు కూడా.

ప్రతి వస్తువుకూ కోడ్, ప్రతి అమ్మకానికీ బిల్లు, దీనికోసమే జీతం తీసుకునే సిబ్బంది ఉన్న దుకాణాల్లో కూడా కంప్యూటర్‌లోని నిల్వకూ అరల్లోని నిల్వకూ తేడా వస్తూనే ఉంటుంది. అందుకే అవి అప్పుడప్పుడు సరుకునంతా చేత్తో లెక్కపెట్టి పుస్తకాలు సరిచేసుకుంటాయి. ఇంట్లో ఆ లెక్క సరిచేసే పని ఎవరూ చేయరు. జాబితా ఒకటి రెండుసార్లు తప్పని తేలాక దాన్ని నమ్మడం మానేస్తారు. నమ్మకం పోయిన జాబితాను నింపడానికి ఎవరికీ ఓపిక ఉండదు. చాలా పరికరాలు చెడిపోకుండానే మూల పడటానికి కారణం ఇదే.

2013లో వచ్చిన ఎగ్ మైండర్ అనే గుడ్ల ట్రే ఈ విషయంలో గుర్తుంచుకోదగ్గది, ఎందుకంటే అది నమోదు భారాన్ని మనిషి మీద వేయలేదు. 14 గుంటలున్న ఆ ట్రేలో గుడ్డు పెట్టగానే దానికే తెలుస్తుంది, తీసినా తెలుస్తుంది. అన్నిటికంటే పాత గుడ్డు ఏదో చిన్న దీపంతో చూపించేది, ఎన్ని మిగిలాయో ఫోన్‌కు చెప్పేది. సాంకేతికంగా చూస్తే చిక్కును సరిగ్గానే విప్పింది. కానీ ఎంచుకున్న చిక్కు చాలా చిన్నది. గుడ్లు ఎన్ని ఉన్నాయో తెలుసుకోవడం ఎవరికీ కష్టం కాదు. కొత్తగా తెచ్చినవి వెనక పెట్టి పాతవి ముందుకు జరిపితే ఏది పాతదన్న ప్రశ్నే రాదు. దాన్ని తయారుచేసిన క్విర్కీ సంస్థ 2015 సెప్టెంబరులో దివాలా పిటిషన్ వేసింది.

తూకం పలక, డబ్బా మీది గీత

వంటింటి సరుకుల్లో పరికరం నిజంగా రాణించగల చోటు ఒకటి ఉంది. ఒకే డబ్బాలో, ఒకే చోట ఉంటూ, రోజూ దాదాపు ఒకే మోతాదులో ఖర్చయ్యే పొడి సరుకులు. ధాన్యం, పిండి, చక్కెర లాంటివన్నీ ఇందులోకి వస్తాయి. డబ్బా కింద బరువును కొలిచే పలక పెడితే, ఎవరూ ఏమీ నమోదు చేయకుండానే ఎంత మిగిలిందో ఎప్పటికప్పుడు తెలుస్తుంది. అమెజాన్ 2019లో ఇలాంటి తూకం పలకను ప్రకటించినప్పుడు దాన్ని ఇళ్ల కోసం కాక చిన్న కార్యాలయాల కోసం ఉద్దేశించింది. అది సబబైన నిర్ణయం. పదిమంది వాడుకునే చోట సరుకు ఎంత మిగిలిందో పట్టించుకోవడం ఎవరి పనీ కాదు, అక్కడ యంత్రం ఆ ఖాళీని పూరిస్తుంది. హాస్టళ్లు, క్యాంటీన్లు, చిన్న హోటళ్ల వంటశాలలకూ ఇదే వర్తిస్తుంది.

ఇంటి విషయానికి వస్తే, తూకం పలక లోపల చేసే లెక్క ఏమిటో తెలిస్తే దాని అవసరం ఎంతో కూడా తెలుస్తుంది. రోజుకు 200 గ్రాములు వాడే సరుకు ఉందనుకుందాం. కొనాలని అనుకున్నాక అది ఇంటికి చేరడానికి 3 రోజులు పడుతుంది. అంటే 600 గ్రాములు మిగిలి ఉండగానే కొనాలన్న ఆలోచన రావాలి. ఆలస్యమైతేనో, చుట్టాలు వస్తేనో ఇబ్బంది లేకుండా మరో రెండు రోజులకు 400 గ్రాములు కలుపుకుంటే, కిలో దగ్గరికి రాగానే జాబితాలో రాయాలి. ఈ లెక్క ఏళ్ల తరబడి పెద్దగా మారదు. కాబట్టి లోపల ఉన్నది కనిపించే డబ్బాలో ఒక్కసారి కిలో సరుకు పోసి, అది ఎంత ఎత్తుకు వచ్చిందో అక్కడ రంగు టేపు ముక్క అంటిస్తే చాలు. సరుకు ఆ టేపు కిందికి దిగిన రోజున, డబ్బాలో చెయ్యి పెట్టిన ప్రతివారికీ అది కంటికెదురుగా కనిపిస్తుంది. ఆ టేపుకు బ్యాటరీ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఇంట్లో చదువు రానివారికి కూడా అది అర్థమవుతుంది.

కర్మాగారాలు మరలు, నట్లు లాంటి చిల్లర సామాను విషయంలో చాలాకాలంగా పాటిస్తున్న రెండు డబ్బాల పద్ధతి కూడా ఇలాంటిదే. ఒక డబ్బాలోంచి వాడతారు, రెండోది నిండుగా వెనక ఉంటుంది. మొదటిది అయిపోయి రెండోదాన్ని ముందుకు జరిపిన క్షణమే కొత్తదానికి ఆర్డర్ పెడతారు. ఎంత మిగిలిందని ఎవరూ లెక్కపెట్టరు. ఇంట్లో దీన్ని పాటించడం ఇంకా తేలిక: కొత్త ప్యాకెట్ కత్తిరించిన చేత్తోనే జాబితాలో పేరు రాయాలి. అయిపోయాక రాయడం కాదు, విప్పినప్పుడు రాయడం. ఈ ఒక్క మార్పుతో నిండుకున్నాయన్న మాట చాలావరకు వినపడకుండా పోతుంది. స్మార్ట్ పరికరం కొనాలనుకునే ఏ ఇల్లయినా ముందు ఒక నెల ఇది చేసి చూడవచ్చు, దీనికి అయ్యే ఖర్చు ఏమీ లేదు గనక.

తనంతట తానే ఆర్డర్ పెట్టడం

సరుకు తగ్గిన సంగతి చెప్పడం వేరు, దాన్ని కొనేయడం వేరు. అమెజాన్ 2015 మార్చి 31న డ్యాష్ బటన్లను ప్రకటించింది. ఒక్కో బటన్ ఒక్కో బ్రాండ్ సరుకుకు కేటాయించినది. నొక్కితే ఆర్డర్ వెళ్లిపోయేది. ఏప్రిల్ 1కి ముందు రోజు కావడంతో అది ఫూల్స్ డే తమాషా అనుకున్నవారు కూడా ఉన్నారు. నొక్కే సమయానికి ధర ఎంతో బటన్ మీద కనిపించేది కాదు. జర్మనీలో మ్యూనిక్ కోర్టు 2019 జనవరిలో దీన్నే తప్పుపట్టింది: కొనేవారికి కొనే క్షణంలో ధర తెలియకపోవడం వినియోగదారుల చట్టానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. అదే ఏడాది ఆ బటన్ల అమ్మకం ప్రపంచవ్యాప్తంగా ఆగిపోయింది, ఆగస్టు తర్వాత అప్పటికే ఇళ్లలో ఉన్నవి కూడా పనిచేయలేదు.

ఆ తీర్పులో పట్టుకున్న అంశం ఆటోమేటిక్ ఆర్డర్లన్నిటికీ వర్తిస్తుంది. సరుకులు కొనడంలో డబ్బు ఆదా అయ్యేది పోల్చి చూడటం వల్లే. ఈ వారం ఏది చవక, ఏ పరిమాణం తీసుకుంటే గిట్టుబాటు, ఇంకో బ్రాండ్ ఎంతకు వస్తోంది అన్నవి చూసుకునే అవకాశం యంత్రం కొనేటప్పుడు ఉండదు. యంత్రం ఏ సంస్థదైతే ఆ సంస్థ దుకాణం నుంచే సరుకు వస్తుంది. శ్రమ తగ్గించినందుకు ప్రతిఫలంగా కొనేవారు తమ బేరమాడే శక్తిని వదులుకుంటున్నారు, ఆ ప్రతిఫలం ఎక్కడా బిల్లులో కనిపించదు.

ఆటోమేటిక్ ఆర్డర్ సజావుగా పనిచేసే చోట్లు ఉన్నాయి. తన సరుకును తానే ఖర్చు చేసే యంత్రం విషయంలో అది బాగా కుదురుతుంది. గిన్నెలు తోమే యంత్రం ఎన్నిసార్లు నడిచిందో దానికే తెలుసు, కాబట్టి సబ్బు బిళ్లలు ఎన్ని మిగిలాయో లెక్క తప్పదు. మంచినీటి ఫిల్టర్ గుండా ఎన్ని లీటర్లు పోయాయో ఆ యంత్రమే కొలుచుకుంటుంది. ఇలాంటి చోట మార్చవలసిన సమయం గుర్తుచేస్తే అది నికరమైన సాయమే. ఆహారం విషయంలో మాత్రం ఖర్చుచేసేది మనుషులు, వాళ్ల ఆకలి వారం వారం మారుతుంది.

ఎన్నాళ్లు పనిచేస్తుంది, ఎంత మిగలాలి

ఖర్చును కొలవడానికి డాలర్లు, రూపాయలు అక్కర్లేదు. ఇంటి నెల సరుకుల ఖర్చే కొలమానంగా సరిపోతుంది. మామూలు మోడల్ కంటే స్మార్ట్ మోడల్‌కు అదనంగా పెట్టే సొమ్ము 5 నెలల సరుకుల ఖర్చుకు సమానమనుకుందాం. 8 ఏళ్లు, అంటే 96 నెలలు వాడితే, ఆ సొమ్ము తిరిగి రావడానికి ప్రతి నెలా సరుకుల ఖర్చులో 5 శాతానికి కాస్త పైగా మిగలాలి. 4 ఏళ్లకే దాని యాప్‌కు సేవలు ఆగిపోతే, ప్రతి నెలా 10 శాతానికి పైగా మిగలాలి. తెర, కెమెరాలు, వైఫై కలిసి నిరంతరం 5 వాట్లు వాడుకున్నా ఏడాదికి దాదాపు 44 యూనిట్ల కరెంటు అదనం. దానికి తోడు నెలవారీ చందా ఉంటే అదీ కలపాలి.

సేవలు ఆగిపోవడం అన్నది ఊహ కాదు. బార్‌కోడ్ చదివి, మాట విని జాబితా తయారుచేసే అమెజాన్ డ్యాష్ వాండ్ 2014లో వచ్చి 2020లో ఆగిపోయింది. స్మార్ట్ హోమ్ పరికరాలను నడిపే వింక్ అనే వేదిక, మొదట ఉచితంగా ఇచ్చిన సేవకు 2020లో నెలవారీ చందా కట్టాలని వాడకందారులను అడిగింది. ఫ్రిజ్ మోటారు పదేళ్లు, ఆపైన కూడా నడుస్తుంది. దాని తలుపుకు అమర్చిన కంప్యూటర్ ఆయుష్షు ఫోన్ ఆయుష్షుతో సమానం. ఈ రెండింటినీ ఒకే పెట్టెలో బిగించడం వల్ల, ముందు పాతబడే భాగం ఎప్పుడూ ఖరీదైన భాగాన్ని కూడా వెనక్కి లాగుతుంది. అందుకే తెర ఉన్న ఫ్రిజ్ కంటే, మామూలు ఫ్రిజ్ పక్కన విడిగా పెట్టుకునే చవక పరికరం ఎప్పుడూ తక్కువ నష్టం. అది పనికిరాకపోతే తీసి పక్కన పెట్టవచ్చు.

భద్రత గురించి కొంచెం. 2015లో పెన్ టెస్ట్ పార్ట్‌నర్స్ అనే భద్రతా పరిశోధన సంస్థ ఒక శాంసంగ్ స్మార్ట్ ఫ్రిజ్‌ను పరీక్షించి, క్యాలెండర్ చూపించడానికి అది గూగుల్ సర్వర్‌తో మాట్లాడేటప్పుడు అవతల ఉన్నది నిజంగా ఆ సర్వరేనా అని సరిచూసుకోవడం లేదని, అదే నెట్‌వర్క్‌లో ఉన్నవారు జీమెయిల్ వివరాలు దొంగిలించే వీలుందని చూపించింది. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం, ఇలాంటి పరికరాలను సులువుగా ఊహించగల పాస్‌వర్డ్‌తో అమ్మడాన్ని నిషేధించింది; భద్రతా అప్‌డేట్లు కనీసం ఎప్పటిదాకా ఇస్తారో కొనేవారికి ముందే చెప్పాలని ఆదేశించింది. ఈ రెండో నిబంధన ఏ దేశంలో ఉన్నవారికైనా పనికొచ్చే కొలమానం. ఆ తేదీని తయారీదారు చెప్పలేకపోతే ఆ పరికరాన్ని కొనకపోవడమే మంచిది. తెర ఉన్నంతకాలం దాని మీద ఏం కనిపించాలో నిర్ణయించే శక్తి కూడా తయారీదారు చేతిలోనే ఉంటుంది. శాంసంగ్ 2025లో అమెరికాలో తన ఫ్యామిలీ హబ్ ఫ్రిజ్‌ల తెరల మీద ప్రకటనలు చూపించడం ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. కొన్న రోజున లేని ప్రకటన, ఆ తర్వాత అప్‌డేట్‌తో వచ్చింది.

ఎవరికి నిజంగా పనికొస్తాయి

పిలిస్తే పలికే పరికరాలను మిగతావాటితో ఒకే గాటన కట్టకూడదు. సరుకు నిండుకున్న సంగతి తెలిసేది వండుతున్నప్పుడు, చేతులు తడిగానో పిండిగానో ఉన్నప్పుడు. ఆ క్షణంలో రాయలేక తర్వాత రాద్దామనుకున్నదే మరుపులోకి జారిపోతుంది. నోటితో చెబితే జాబితాలో చేరిపోవడం ఆ జారిపోయే క్షణాన్ని పట్టుకుంటుంది. చూపు తక్కువైనవారికి, కీళ్లనొప్పులతో కలం పట్టలేనివారికి, మంచం దగ్గర నుంచి కదలలేని పెద్దవాళ్లకు ఇది కేవలం సౌకర్యం కాదు, ఇతరుల మీద ఆధారపడకుండా తమ అవసరం తాము చెప్పుకోగలిగే వెసులుబాటు. ఈ ఒక్క కారణంతోనే కొన్నా ఆ డబ్బు వృథా కాదు. అయితే ఇంట్లో మాట్లాడే భాష దానికి సరిగా రాకపోతే ప్రయోజనం సగానికి సగం పోతుంది, కాబట్టి కొనే ముందు పదిహేను ఇరవై సరుకుల పేర్లు దానికి చెప్పి చూడాలి. చేతిలో ఉన్న ఫోన్ కూడా మాట వింటుందన్నది మరిచిపోకూడదు.

ఇంటిల్లిపాదీ ఒకే జాబితాను తమ తమ ఫోన్లలో చూసుకునే ఉచిత యాప్‌లే మొత్తం మీద అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇస్తాయి. ఒకరు చేర్చింది మరొకరికి వెంటనే కనిపిస్తుంది, దుకాణంలో ఒకరు కొట్టేసింది రెండోవారు మళ్లీ కొనరు. సరుకుల విషయంలో ఇళ్లలో వచ్చే గందరగోళంలో సగం, వస్తువు ఎంత ఉందో తెలియక కాదు, ఎవరు తెస్తున్నారో తెలియక. ఆ సమాచారం ఏ కెమెరాకూ దొరకదు. ఇక పారబోత తగ్గించడమే లక్ష్యమైతే, ఫ్రిజ్ లోపల పెట్టే చిన్న థర్మామీటర్‌కు తెర ఉన్న తలుపు కంటే ముందు చోటివ్వాలి. లోపలి వేడి 5 డిగ్రీల సెల్సియస్ దాటకుండా ఉంటే ఆహారం నిలిచే రోజులు పెరుగుతాయి. తలుపు సరిగా పడకపోతే చప్పుడు చేసే సాదా అలారం కూడా ఇదే కోవలోది.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతటా దుకాణాలు, హోటళ్లు, ఇళ్లు కలిసి వృథా చేసిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో దాదాపు 60 శాతం ఇళ్లదే. సగటున మనిషికి ఏడాదికి 79 కిలోలు. ఈ అంకెను చూపి స్మార్ట్ పరికరాలను అమ్మడం మామూలైపోయింది. కానీ ఆహారం పారబోయడానికి కారణాలన్నీ ఒకటి కావు. వెనక పడి కనబడక పాడైనది ఒకటి. ఎక్కువ వండి మిగిలింది మరొకటి. వండుదామని తెచ్చాక ఆ రోజు బయట తినవలసి వచ్చి వాడిపోయింది ఇంకొకటి. పెద్ద ప్యాకెట్ చవకని కొని సగమే వాడింది వేరొకటి. ఇందులో మొదటిదాన్ని మాత్రమే కెమెరా, స్కానర్ తగ్గించగలవు. మిగతా మూడింటికీ మూలం కొనేటప్పుడూ వండేటప్పుడూ వేసుకున్న అంచనాలో ఉంది.

ఏ ఇంట్లో ఏ కారణం ఎక్కువో బయటివారు చెప్పలేరు, తెలుసుకోవడం మాత్రం కష్టం కాదు. చెత్తబుట్ట దగ్గర గోడకు ఒక కాగితం అంటించి, తినేది ఏది పారేసినా దాని పేరు, పక్కన ఒకే మాటలో కారణం నాలుగు వారాలపాటు రాయాలి. ఉన్న సంగతి తెలియక పాడైందన్న మాట ఆ కాగితం మీద సగానికి పైగా వరసల్లో కనిపిస్తే, లోపలిది చూపించే పరికరం గురించి ఆలోచించవచ్చు, అదీ ముందు విడి కెమెరాతో. ఎక్కువ వండామన్నదే ఎక్కువగా కనిపిస్తే ఆ డబ్బుతో కొనవలసింది కొలపాత్ర.